గాలి తిరిగాక తీసివేతలు

1961 జూన్ 19

చేరాను. నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు దాకా బస్సు, అక్కణ్ణించి కాలువ దాకా ఎద్దుబండి, కాలువ మీద పడవ, ఆ తర్వాత ఇసకలో నడక. చెప్పులు చేత పట్టుకొని నా కొత్త బడికి వచ్చాను. ఊరి పేరు సవకపాళెం. సవక చెట్లున్నాయి, అదే మన సరుగుడు. ఊరనదగ్గది కనిపించలేదు. తాటాకు గుడిసెలు, ఆరేసిన వలలు, ఎండుతున్న చేపలు, వాటి వాసన.

బడి ఒక పొడుగాటి పాక. నాలుగు వైపులా నడుమెత్తు తడికలు, పైన తాటాకు. ఇసకదిబ్బకు అవతల సముద్రం. ఆ రొద ఎప్పుడైనా ఆగుతుందా అని, నా పెట్టె మోసుకొచ్చిన పడవవాణ్ణి అడిగాను. "ఏది సామీ?" అన్నాడు.

నాకు అసిస్టెంటు కరుణాకుమారి అనే ఆమె. తండ్రి కాలువ పడవల్లో పనిచేసేవాడట. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి. ట్రైనింగు లేదు. నేను వెళ్ళేసరికి అన్ని తరగతుల పిల్లల్నీ ఒక్కచోట చేర్చి పాఠం చెబుతోంది. చెప్పడమంటే అరవడం. ఆమె ఒక మాట అరుస్తుంది, పిల్లలంతా కలిసి అదే మాట అంతకన్నా గట్టిగా అరుస్తారు. ఆమె నిలబడింది పిల్లల వెనక. బోర్డు ముందుంది, పంతులమ్మ వెనకుంది, వీపులకు పాఠం చెబుతోంది. ఇదేమిటన్నాను.

"గాలి సార్. దానికి ఎదురు కూర్చుంటే కళ్ళల్లో ఇసక. నేను ముందు నిలబడితే నా మాట నా నోట్లోకే వొస్తాది."

మధ్యాహ్నం ఇంకో వింత. పడమటి గాలి ఆగి సముద్రం గాలి మొదలైంది. ఎవరూ చెప్పకుండానే బడి మొత్తం లేచి, పలకలూ చాపలూ తీసుకొని, వెనక్కి తిరిగి కూర్చుంది. అవతలి కొసన ఇంకో బోర్డు ఉంది. కరుణాకుమారి ఈ కొసకు నడిచి వచ్చి మళ్ళీ వీపులకు అరవడం మొదలెట్టింది. పశువులు కూడా గాలిని బట్టి ఇలాగే తిరుగుతాయి.

ఇలాంటి వాళ్ళకు ఉద్యోగాలిచ్చిన వాళ్ళననాలి.

నేనిక్కడికి ఎందుకు వచ్చానో నాకు తెలుసు. బడులు పంచాయతీ సమితి కిందికి వచ్చాయి. సమితి ప్రెసిడెంటు బావమరిదికి మనుబోలులో నా కుర్చీ కావలసి వచ్చింది. అయితే ఇది ఎక్కువకాలం కాదు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు: "నెల్లూరులో మోడల్ బడిలో ఖాళీ వస్తుంది కామాక్షయ్యా. ఫిబ్రవరిలో కమిటీ ముందు ఒక నమూనా పాఠం చెప్పాలి. నీ మౌన పఠనం పాఠం ట్రైనింగులో చూసినాను, దానికి తిరుగులేదు. అందాకా అక్కడ హాజరు పడిపోకుండా, పితూరీలు రాకుండా చూసుకో."

ఫిబ్రవరి దాకా. అంతే.

జూన్ 21

రొద.

జూన్ 26

కరుణాకుమారి భూగోళం ఇవాళ విన్నాను. కాలువ అవతల నెల్లూరు, నెల్లూరు అవతల మద్రాసు, మద్రాసు అవతల ఇంగ్లండు. హిమాలయాలు ఎక్కడికి పోయాయంటే, "అయి మనకు తగలవు సార్" అంది. చేతిలో సవక బెత్తం. వాడుతుంది కూడా. ఆడపిల్లలకు మూడో తరగతి దాటితే చదువు దండగని ఆమె నమ్మకం. ఆమె ఆడదన్న సంగతి అడ్డం రాలేదు.

జూలై 4

పొద్దున రెండో గంటలో తీసివేతలు మొదలుపెట్టాను. అరువు తెచ్చుకొనే పద్ధతి. బోర్డు మీద ఇరవై అయిదు, దాని కింద ఎనిమిది, గుర్తు వేసి గీత గీశాను. ఒక్కరూ పలక ముట్టుకోలేదు. మూడో తరగతి పిల్ల గురవమ్మ సముద్రం వైపు చూస్తోంది.

"తెప్పలు రాలేదయ్యోరా" అంది.

తెప్పలకూ ఎనిమిదికీ సంబంధమేమిటన్నాను.  కరుణాకుమారి దగ్గరికొచ్చి చెప్పింది. మగవాళ్ళు నీళ్ళమీద ఉన్నంతసేపూ ఇక్కడ తీసివేతలు చెయ్యరట. కూడికలు చేస్తారు, గుణకారం చేస్తారు. మధ్యాహ్నం గాలి తిరిగి తెప్పలు ఒడ్డెక్కాక తీసివేతలు.

"నువ్వు కూడా ఇది నమ్ముతావా? ఆదివారం చర్చికి పోయేదానివి."

"నమ్మేదేం లేదు సార్. పొద్దున చేస్తే ఒక జవాబు, మధ్యాహ్నం చేస్తే ఇంకో జవాబు రాదు గదా."

ట్రైనింగు లేకపోతే తర్కం ఇలాగే ఉంటుంది. నేను సుద్దముక్క కింద పెట్టలేదు. పదిమందిలో ముగ్గురు పోతే ఎందరని నోటిలెక్క అడిగాను. ఒకడు ఏడ్చాడు.

మధ్యాహ్నం లోపల గురవమ్మ తల్లి మస్తానమ్మ వచ్చింది. చేతులకు చేపల పొలుసులు. తడిక అవతలే నిలబడింది.

"ఏందయ్యోరా, మగోళ్ళు నీళ్ళమీద ఉండంగా పదిమందిలో ముగ్గుర్ని తీసేస్తివంట?"

"నేను చెప్పింది లెక్క. మనుషులని ఎవరన్నారు? మామిడికాయలనుకో."

"మామిడికాయలు ఈ పాళెంలో యాడుండాయి? పిల్లకి తెలిసింది తెప్పలూ, తెప్పలెక్కే మనుషులూ."

"ఇది మూఢనమ్మకమమ్మా."

"అట్నే కానీ. మీ ఇంట్లోవాళ్ళు బస్సెక్కి పొయ్యినప్పుడు నువ్వు తీసేసుకో. మా వాళ్ళు ఒడ్డెక్కినాక మాయి తీసెయ్యి. యాభైలో నలభై తొమ్మిది తీసెయ్యి, ఎవరొద్దన్నారు?"

పిల్ల రెక్క పట్టుకొని తీసుకుపోయింది. పోతూ పోతూ కరుణాకుమారితో, "ఈ అయ్యోరు యాడ దొరికినాడు మీకు?" అంది, నాకు వినపడేట్టు.

జూలై 5

బడి ఖాళీ. కరుణాకుమారి, నేను, రెండు బోర్డులు.

జూలై 6

ఖాళీ. కరుణాకుమారి తడిక పక్కన కూర్చొని సవక పుల్లతో పళ్ళు తోముకుంటోంది. "హాజరు ఏమని వేద్దాం సార్?" అంది. అందులో ఎగతాళి ఉంది.

జూలై 8

కొత్త టైంటేబుల్ తయారుచేశాను. పొద్దున తెలుగు, కూడిక, గుణకారం. మధ్యాహ్నం తీసివేత, భాగహారం. దీనికి శాస్త్రీయమైన కారణం ఉంది. కూడిక బాగా స్థిరపడ్డ బుర్రకే తీసివేత ఎక్కుతుంది. ఆ రెంటి మధ్య విరామం అవసరం. ఈ సంగతి ట్రైనింగు పుస్తకాల్లో ఎవరూ రాయలేదు, రాయవలసింది. మస్తానమ్మకూ దీనికీ సంబంధం లేదు.

పిల్లలు వచ్చారు.

ఆగస్టు 17

ఇవాళ మౌన పఠనం మొదటిసారి అమలుచేశాను. నాలుగు, అయిదు తరగతులు. పుస్తకం తెరవాలి, పెదవులు కదపకూడదు, కళ్ళతోనే చదవాలి. చిన్న తరగతుల వాళ్ళు పలక మీద దిద్దాలి. ఎవరూ నోరెత్తకూడదు. కరుణాకుమారితో సహా.

కుదిరింది. ఈ పాకలో మొదటిసారి చదువు జరుగుతోందనిపించింది. అలల రొద తప్ప ఇంకేమీ లేదు.

అంతలో దిబ్బ మీద ఆడవాళ్ళు. పరిగెత్తుకొని వస్తున్నారు. ఒకామె చేతిలో ఇంకా చేపలు కోసే కత్తి ఉంది. ముందు మస్తానమ్మ. తడిక మీద నుంచి వంగి పిల్లల్ని చూసి, గుండె మీద చెయ్యి వేసుకొని ఇసకలో కూలబడింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమైందని మమ్మల్ని అడగతావా? బడి నోరు మూతబడె. పిల్లకాయలు నీళ్ళల్లోకి పొయ్యినారేమోనని వొచ్చినాం."

"చదువుకుంటున్నారు."

"చదువుకుంటే వినపడదా?"

కరుణాకుమారి తర్వాత వివరించింది. ఈ ఆడవాళ్ళు దిబ్బ కింద పొద్దస్తమానం చేపలు కోస్తూ, ఉప్పు పెడుతూ ఉంటారు. బడి అరుపు వినపడుతుంటే పిల్లలు ఉన్నట్టు. ఆగితే లేనట్టు. ఏటా ఒకరిద్దరు చిన్నపిల్లలు అలల్లోకి పోతూనే ఉంటారట.

అంటే ఉపాధ్యాయుడు ఇక్కడ కాపలాదారు. అతని పని తాను మేలుకొని ఉన్నానని ఊరికి తెలిసేట్టు అరుస్తూ ఉండడం. ఇందుకోసమా నేను ట్రైనింగులో ఫస్టు క్లాసు తెచ్చుకుంది?

ఆగస్టు 21

మౌన పఠనం తాత్కాలికంగా ఆపాను. దానికి ముందు బిగ్గరగా చదివే దశ ఒకటి తప్పనిసరి అని నా అభిప్రాయం. ఆ దశ ఎంతకాలం ఉండాలన్నది పిల్లల్ని బట్టి ఉంటుంది.

నేను ముందు నిలబడి చెబితే వెనక వరసలకు ఏమీ అందడం లేదు. ఎంత చెప్పినా నోట్లో ఇసకే. అందువల్ల వెనక నుంచి చెప్పి చూశాను. ఇందులో మంచి ఉంది. వెనక ఉన్నవాడికి ఎవడు పలక మీద బొమ్మలు వేస్తున్నాడో కనపడుతుంది. ఇది నేను స్వయంగా కనుక్కున్నాను. కరుణాకుమారి నిలబడేది వేరే కారణానికి.

అక్టోబరు 16

దసరా సెలవులు. మనుబోలు. ఇంటికొచ్చి మూడు రోజులైంది. అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

నా భార్య ఆదిశేషమ్మ పొద్దున తలుపు మూసింది. ఎందుకు మూశావంటే, "ఏందండీ అట్టా అరస్తారు? అడిగింది మంచినీళ్ళేగదా. ఎదురింటి రాఘవమ్మొచ్చి అడిగిపోయింది, మీ ఇంట్లో ఏం గొడవని" అంది. నేను అరవలేదు. మామూలుగానే అడిగాను. ఎదురింటి వాళ్ళకు ఎప్పుడూ మా ఇంటి మీదే చెవి.

అన్నం తినేటప్పుడు లేచి కుర్చీ అవతలి వైపు వేసుకున్నాను. "ఏం?" అంది. గాలి తిరిగిందన్నాను. "ఏ గాలండీ, ఆకు కదలడం లేదు" అంది. చదువులేని మనిషితో వాదించి లాభం లేదు.

నెల్లూరులో బస్సు కండక్టరు కూడా, టిక్కెట్టడిగితే చెవి మూసుకున్నాడు. ఈ పట్నాలవాళ్ళు కొన్ని నెలల్లోనే ఎంత సుకుమారులైపోయారు!

నవంబరు 9

పొద్దున మబ్బు పట్టినా తెప్పలు వెళ్ళాయి. బడి పెట్టిన కాసేపటికి వాన. ఈశాన్యం గాలి. మధ్యాహ్నానికి గాలి తిరగలేదు. తెప్పలు రాలేదు.

నిన్న మధ్యాహ్నం రాసిన తీసివేత ఒకటి బోర్డు మీద మిగిలిపోయి ఉంది. తుడిచాను. పాఠం అయ్యాక బోర్డు తుడవాలని ట్రైనింగులో మొదటి వారమే చెబుతారు. సుద్ద మరక పోలేదు. తడిగుడ్డతో మళ్ళీ తుడిచాను. రెండో బోర్డు కూడా తుడిచాను. దాని మీద ఏమీ లేదు.

వాన కాబట్టి పిల్లల్ని ఇళ్ళకు పంపలేదు. పంపినా వాళ్ళు దిబ్బ మీదికే పోయేవాళ్ళు. ఆడవాళ్ళంతా అక్కడే నిలబడ్డారు, గోనెలు కప్పుకొని. ఎక్కాలు చెప్పించాను. రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టి ఇరవై దాకా. మళ్ళీ రెండు. గురవమ్మ తండ్రి వెంకయ్య కూడా ఆ తెప్పల్లోనే ఉన్నాడు. అందరికన్నా గట్టిగా అరుస్తున్నది ఆ పిల్లే.

కరుణాకుమారి దిబ్బ మీదికి పోయి తడిసి వచ్చింది.

"ఆపొద్దంట సార్."

"ఎవరన్నారు?"

"అందరూ."

నేను ఆపాలనుకోలేదు. ఎక్కాలు అభ్యాసం వల్లే వస్తాయి. ఆమె ఒక కొస, నేనొక కొస నిలబడి చెప్పించాం. వాన రొదను మించి అరవవలసి వచ్చింది.

వెలుతురు పోయే వేళకు దక్షిణం నుంచి ఒక మనిషి తడుస్తూ వచ్చాడు. తెప్పలన్నీ కిందిపాళెం దగ్గర ఒడ్డెక్కాయట. అన్నీ. మస్తానమ్మ వాణ్ణి రెండుసార్లు అడిగింది, అన్నీ అంటే అన్నీనా అని. తర్వాత పాక దగ్గరికొచ్చి, తడిక మీద చేతులు పెట్టి, నన్ను చూసి, "ఇంక చాల్లే అయ్యోరా" అంది.

వాన వల్లే బడి ఆలస్యంగా వదిలాను. ఇంకో కారణం ఎవరైనా చెబితే అది అబద్ధం.

నవంబరు 10

గొంతు లేదు.

మస్తానమ్మ ఎండుచేపలు పంపింది. తీసుకోకపోతే నొచ్చుకుంటారు కాబట్టి తీసుకున్నాను. ఉప్పు ఎక్కువ.

1962 జనవరి 24

పద్మనాభయ్య గారి కబురు వచ్చింది. ఫిబ్రవరి ఆరున నమూనా పాఠం. కమిటీలో ఆయన, మోడల్ బడి హెడ్‌మిస్ట్రెస్ వెంకటశేషమ్మ గారు, ఇంకొకాయన. మొదట లెక్క, తర్వాత మౌన పఠనం. పాఠ్యాంశం అప్పటికప్పుడు ఇస్తారు. పోటీలో ఇంకొకడున్నాడు కానీ లెక్కలోకి రాడట.

కరుణాకుమారికి చెప్పాను. సంతోషించింది. నేను పోతే హెడ్‌మాస్టరు కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది కదా.

"పాఠం ఒకసారి మా ముందర చెప్పి చూసుకోండి సార్" అంది. చెప్పాను. 

"బాగుంది సార్. అయితే ఆడ గాలి ఉండదు."

"అయితే?"

"అదే సార్. గాలి ఉండదు అంటున్నా."

ఎనిమిదో తరగతితో ఆగినవాళ్ళ మాటలకు తాత్పర్యం వెతకనక్కరలేదు.

ఫిబ్రవరి 7

నిన్నటి సంగతి. వాస్తవాలు మాత్రం రాస్తాను.

పది గంటలకు మొదలు. మూడో తరగతి. పక్కా గదులు, గచ్చు నేల, అద్దాల కిటికీలు, వాటి తలుపులు మూసి ఉన్నాయి. పిల్లలు చేతులు కట్టుకొని కూర్చున్నారు. ఒక్కడి ముఖం మీదా ఎండ తగిలిన ఛాయ లేదు. పద్మనాభయ్య గారు నాకు వినపడేట్టు కమిటీతో, "ఈయన మౌన పఠనంలో దిట్ట" అన్నారు.

పాఠ్యాంశం: తీసివేత, అరువు పద్ధతి.

నేను పిల్లల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ అది అలవాటు లేదు. పిల్లలు మెడలు తిప్పి నన్నే చూశారు. బోర్డు చూడమన్నాను. ముందు బెంచీలో ఒక పిల్లవాడు చెవులు మూసుకున్నాడు. క్రమశిక్షణ ఎలా ఉందో చెప్పడానికి రాస్తున్నాను. పక్క గది టీచరు తలుపు దగ్గరికొచ్చి, ఏమైందోనని చూసిపోయింది. ఆమె వెనకాల ఇంకొకరు.

వెంకటశేషమ్మ గారు, "ఇక్కడెవరికీ చెముడు లేదు మాస్టారూ" అన్నారు. చిన్నగా, పెదవులతో. నాకు సగమే వినపడింది. ఆ బడిలో అందరూ అలాగే గొణుగుతారు. సగం మాట లోపలే ఉండిపోయే మనుషులు పిల్లలకు ఏం చెబుతారు?

తర్వాత కూడికలు ఇచ్చాను. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అవి బాగా చేశారు. వెంకటశేషమ్మ గారు గడియారం చూసుకున్నారు.

"తీసివేత ఎప్పుడు చెబుతారు?"

"మధ్యాహ్నం" అన్నాను.

"పాఠం ఇప్పుడుగదా. మధ్యాహ్నం ఎందుకు?"

కారణం చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయనవసరం లేదు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో ఆయన పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పద్మనాభయ్య గారు మాత్రం నవ్వలేదు. ఆయన తల దించుకున్నారు.

మౌన పఠనం కూడా జరిగింది. నిశ్శబ్దంగా చదవమని నేను చెప్పినప్పుడు పక్క గదిలో పాఠం ఆగిపోయిందట. బయటికొచ్చాక బంట్రోతు చెప్పాడు, అదేదో నా తప్పయినట్టు.

ఖాళీ రెండోవాడికి ఇచ్చారు.

అర్హత అక్కడ అక్కరలేదు. గొణిగేవాళ్ళు కావాలి, గొణిగేవాణ్ణే ఎన్నుకున్నారు.

ఫిబ్రవరి 9

సవకపాళెం. కాలువ పడవ దగ్గర చేపల వ్యాపారి దరియావలి పలకరించాడు. "అయ్యోరా, పొయ్యిన పనేమాయె?" అన్నాడు. చెప్పాను. "మెల్లగా చెప్పినా వినపడతాది గదా" అని నవ్వాడు. తర్వాత, "అవతలి గట్టు దాకా చెప్పాలంటే ఇదే మంచిది" అన్నాడు.

కరుణాకుమారికి సంగతి అప్పటికే తెలుసు. పద్మనాభయ్య గారి గుమాస్తా ఎవరితోనో అన్నాడు, వాళ్ళు పడవవాడితో అన్నారు. ఆమె నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగి నిలబడింది.

"తెప్పలు రాలేదని అన్నారంట గదా సార్. నెల్లూర్లో ఏ తెప్పలు సార్?"

నేను హాజరు పట్టీ తెరిచాను. ఆమె ఇటు తిరిగింది. నవ్వు పోయింది.

"సార్, మస్తానమ్మ కూడా విన్నాది. ఆడకు పొయ్యి కూడా మనోళ్ళను తీసెయ్యలా అయ్యోరు అని పాళెమంతా చెప్పుకుంటా తిరగతా ఉండాది."

దీన్ని నేను అవమానంగానే భావిస్తున్నాను.

మార్చి 20

పద్మనాభయ్య గారు ఇన్‌స్పెక్షనుకు వచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకొని. తొమ్మిదింటికి బడిలోకి వచ్చి, కుర్చీ వేయించుకున్నారు. గాలికి ఎదురుగా వేయించుకున్నారు. ఇటు వేసుకోండి అన్నాను, ఫరవాలేదన్నారు. ఆ తర్వాత పొద్దంతా కళ్ళు నులుముకుంటూ, ఎవరేం చెప్పినా "ఆఁ? ఆఁ?" అంటూ కూర్చున్నారు. గాలి ఎటు వీస్తోందో తెలియని మనిషి బళ్ళు తనిఖీ చేస్తాడు.

నన్ను పాక బయటికి పిలిచారు.

"కామాక్షయ్యా, నీకో మంచి మాట. ఆ రెండోవాడు చేరలేదు. వాళ్ళ మామ చేసే వ్యాపారంలోకి పొయ్యినాడు. ఖాళీ అట్టాగే ఉంది."

నేను తడికకు అంటిన ఇసక దులిపాను.

"నీ పేరు మళ్ళీ పంపుతాను. వెంకటశేషమ్మ గారికి నేను నచ్చజెబుతాను. అయితే ఆ రోజు నువ్వన్న మాట ఉందే, అది ఆమె మరిచిపోలా. కాబట్టి ఇవాళ నా ముందర, ఈ పిల్లల చేత, ఒక్క తీసివేత చేయించు. పొద్దున పూట. చేసినారని రాస్తాను. అంతే. రేపు జూన్‌కి నెల్లూరులో ఉంటావు."

లోపలికి వచ్చాం. ఆయనే అడిగారు. "పదిహేనులో ఏడు పోతే ఎంత?"

బడి మొత్తం నా వైపు చూసింది. మెడలు తిప్పి చూడవలసి వచ్చింది, నేను వెనకున్నాను కాబట్టి. గురవమ్మ మాత్రం సముద్రం వైపు చూసింది. నీళ్ళ మీద ఇంకా ఒక్క తెప్ప కనపడలేదు. కరుణాకుమారి తడిక పక్కన నిలబడి బెత్తం రెండు చేతులా పట్టుకుంది.

ఒక్క లెక్క. నేను చెయ్యమంటే వాళ్ళు చేసేవాళ్ళు. నవంబరు నుంచి ఈ పిల్లలు నేనేం చెప్పినా చేస్తున్నారు. ఇది నాకు తెలుసు.

"ఏడుకు ఎన్ని కలిపితే పదిహేను?" అన్నాను.

"ఎనిమిదీ!" అన్నారు అందరూ. పద్మనాభయ్య గారు ఉలిక్కిపడ్డారు.

"అది కూడిక. నేనడిగింది తీసివేత. గుర్తు వేసి, గీత గీసి, పలకమీద చెయ్యమను."

"మధ్యాహ్నం చేస్తారు సార్."

"కామాక్షయ్యా."

"ఉండండి సార్, భోంచేసి చూద్దురుగాని. గాలి తిరిగాక ఎన్నంటే అన్ని చేస్తారు. అరువు తీసుకొనేవి కూడా."

"నాకు పన్నెండింటికి పడవ ఉంది."

"అయితే కుదరదు సార్."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ముఖం నిండా ఇసక ఉంది. "నువ్వు చదువుకున్నవాడివి" అన్నారు. తర్వాత కాగితం మీద ఏదో రాసి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను అడగలేదు. ఏం రాసి ఉంటారో ఊహించగలను. వెళ్ళేటప్పుడు కరుణాకుమారి కాలువ దారి దాకా గొడుగు పట్టింది. ఆయన గొడుగును గాలికి అడ్డం పెట్టబోయి విరగ్గొట్టుకున్నారు.

నా నిర్ణయానికి కారణాలు బోధనాపరమైనవి. టైంటేబుల్ ఎవరో వచ్చారని మార్చకూడదు. మార్చితే పిల్లలకు దాని మీద గౌరవం పోతుంది. పైగా నెల్లూరులో ఆ గొణిగే బడిలో నేను ఒక్క నెల కూడా ఉండలేను.

ఇలాంటి వాళ్ళకు ఉద్యోగాలిచ్చిన వాళ్ళననాలి.

పన్నెండు కాకముందే ఆకు కదలడం ఆగింది. తర్వాత సముద్రం వైపు నుంచి చల్లగా తగిలింది. మేం లేచి, చాపలు తీసుకొని, తిరిగి కూర్చున్నాం. దిబ్బ మీద నుంచి మస్తానమ్మ చెయ్యి ఊపింది. తెప్పలు ఒకటొకటే ఒడ్డెక్కాయి.

బోర్డు మీద పదిహేను వేసి, కింద ఏడు వేసి, గుర్తు పెట్టి, గీత గీశాను. అడిగాను. బడి మొత్తం అరిచింది.

కాలువ దగ్గర పడవ కోసం నిలబడ్డ మనిషికి వినపడే ఉంటుంది. అప్పటికి గాలి అటే వీస్తోంది.